లిఫ్టులో పసుపు పేరు

లిఫ్టు తెర మీద ఇవాళ కూడా సుభాషిణి పేరు అట్టడుగునే, పసుపు అక్షరాల్లో ఉంది. గుంటూరులోని ఆ అపార్ట్‌మెంటులో అందరూ షేర్లు కొని, వారం పదిరోజులు ఉంచి అమ్ముకునేవాళ్లే. ఒక్కో షేరు మీద, చేతిలో ఉన్న డబ్బులో వందకి ఎన్ని రూపాయలు పోయినా ఫరవాలేదో ఇంటి గోడలోని యంత్రం నాడి చూసి చెబుతుంది. చివరికి ఎవరెంతకి తెగించారో లిఫ్టులో వేస్తుంది; బాగా తెగించినవాళ్ల పేరు పైన, అందరికంటే తక్కువ తెగించినవాళ్లది అడుగున పసుపులో.

"నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నానే," అన్నాడు భర్త వీరాంజనేయులు, చెప్పులు విప్పుతూ. "కిందింటివాళ్లు వందకి ఎనిమిది దాకా వెళ్లారంట. నువ్వింకా ఒకటి దగ్గరే కూర్చున్నావు."

"అయితే మెట్లెక్కి రండి. మోకాళ్లకి మంచిది."

గోంగూర ఒలుస్తున్న సుభాషిణి, సిమెంటు కంపెనీ షేరు కొందామని లేచి గోడకి చెయ్యి ఆనించింది.

"నాడి ఎంత నిదానంగా ఉందమ్మా!" అంది యంత్రం. "ఇంత నిబ్బరం ఈ అపార్ట్‌మెంటులో ఇంకెవరికీ లేదు. వందకి ఐదు పోయినా తట్టుకుంటారు. ఐదు వేసేయనా?"

"విన్నావా!" వీరాంజనేయులు మొహం వెలిగిపోయింది.

"నిదానంగా ఎందుకుందో అడగవేం?" సుభాషిణి గోడ వైపు తిరిగి గయ్యిమంది. "ఎప్పుడూ ఒకటే వేస్తాను గనక! అది పోయినా కంటినిండా నిద్రపోతాను గనక! ఐదు వేసి, అప్పుడు చూడు నా నాడి. ఒకటే వెయ్యి. పేరు పసుపులోనే ఉంచు, దూరానికి కూడా బాగా కనిపిస్తుంది."