ఎక్స్‌రేకు అందని సెంటు

ఎక్స్‌రేలో ఏమీ లేదు.

"వట్టి జలుబే. ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు డాక్టర్ కెస్లర్.

మెర్ల్ ఒళ్ళో రెండేళ్ళ మనవరాలు జూన్ చొంగ కారుస్తోంది. నీళ్ళు పట్టినా మింగడం లేదు. ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఏదైనా చెయ్యమన్నట్టు తాతయ్య కళ్ళలోకే చూస్తోంది.

"ఏదో మింగింది డాక్టర్!"

"మీరు చూశారా?"

"చూడలేదు."

"పెద్దవాళ్ళకి కంగారెక్కువ లెండి."

బయట ఒహాయో మంచు దట్టంగా కురుస్తోంది. కూతురు డెనీస్ కోటు తొడుక్కుంది. "పద నాన్నా. ఎప్పుడు చూసినా ఆ పాత నాణేలు పోగేసే గొడవే. పిల్లనేం కనిపెడతావ్ నువ్వు?"

మెర్ల్ లేవలేదు. ఒక్క మాట చెబితే చాలు. చెబితే అంతా పోతుంది.

"నా దగ్గర ఒక సెంటు నాణెం ఉంది డాక్టర్. రాగిది కాదు, అల్యూమినియంది. ప్రభుత్వం పరీక్షకని కొట్టించి, వద్దనుకుని కరిగించేసింది. ఒకటి ఎలాగో నాదాకా వచ్చింది. పొద్దున పిల్ల చేతికిచ్చాను. అల్యూమినియం ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదు."

డాక్టరు ముఖం మారింది. "అది దగ్గరుంచుకోవడం నేరం కదూ?"

"అవును."

"తెలిశాక నేను ఊరుకోలేను. పోలీసులకి చెప్పాలి."

"చెప్పండి. ముందు పిల్ల గొంతు చూడండి."

"ఛీ! మనిషివేనా నువ్వు?" డెనీస్ అరిచింది. "ఆ దిక్కుమాలిన సెంటు కోసమా ఇంతసేపూ నోరు మూసుకున్నావ్?"

మెర్ల్ జూన్‌ను డాక్టరు చేతులకందించాడు.

పిల్లను లోపలికి తీసుకెళ్ళారు. నాణేన్ని అరచేతిలో పెట్టుకుని బరువుతోనే లోహమేదో చెప్పగల మనిషి, ఖాళీ ఒడిలో ఇంకా మిగిలిన పిల్ల బరువును తడుముకుంటూ కూర్చున్నాడు.

ఎంతసేపటికో లోపలి నుంచి ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు.

డాక్టరు బయటికొచ్చాడు. చేతిలోని పళ్ళెంలో ఒక ప్లాస్టిక్ గుండీ ఉంది.

"అడ్డం పడింది ఇది. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరాడేది కాదు" అన్నాడు. "మీ సెంటు ఇంకా కిందికి దిగినట్టుంది. మళ్ళీ గొంతులోకి గొట్టం వెయ్యాలి."

"వద్దు" అంటూ మెర్ల్, ఇంటి దగ్గర బయల్దేరేముందే చొక్కా జేబులో వేసుకున్న అల్యూమినియం సెంటును, అలవాటు కొద్దీ అంచులే పట్టుకుని తీసి, డాక్టరు అరచేతిలో పెట్టాడు.