వస్తడు

“మళ్లీ ఈడనే ఎందుకు ఆగినవ్ నిఖిలా?”

దేవిక మేడం ప్రీఫైనల్ ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని నిఖిల వైపు తిప్పింది. మొదటి పేజీల్లో తప్పులు దాదాపు లేవు. ‘మీ నాన్న దినచర్య గురించి ఒక పేరా రాయండి’ అన్న ప్రశ్న దగ్గర రెండు వాక్యాలు నడిచి, మూడోది సగంలో నిలిచిపోయింది. ఆ తరువాత అంతా తెల్లకాగితమే.

నిఖిల పత్రాన్ని తన వైపు జరుపుకుంది. ఈ యేడే మర్పల్లి నుంచి వచ్చి, తాండూరులోని ఈ బడిలో పదో తరగతిలో చేరిన పిల్ల.

“టైం సాల్లేదా?”

“ఉండె మేడం. పెన్ను నడువలే.”

“అసలు పరీక్షల గూడ గిట్లనే ఆగితే ఫెయిలైతవ్. మీ అమ్మ ఏమన్నదో యాదున్నదా?”

యాదుంది. పాస్ కాకపోతే బడి చాలని, తనతోపాటు నాపరాళ్ల పాలిషింగ్ పనికి రావలసిందేనని తల్లి శ్యామల తెగేసి చెప్పింది.

“జర గైడ్‌ల ఉన్న పేరా బట్టీ పట్టనియ్యండి మేడం” అంది నిఖిల మెల్లగా. “అండ్ల నాయన బ్యాంకుల పని చేస్తడు. కార్ల వస్తడు. మంచిగుంటది.”

“గా నాయన నీ నాయన కాదు గద! ఒక్క మాట మరిచిపోతే కారుతో సహా పోతడు.”

దేవికకు ఒక నమ్మకం ఉంది. అరువు తెచ్చుకున్న వాక్యం, భయం వేయగానే మనిషిని విడిచిపోతుంది. తాను బతికిన వాక్యం విడవదు. అందుకే ఆమె తరగతిలో గైడ్లు మూయించింది. ఎవరింటి సంగతి వాళ్లు చెప్పాలి. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవాలి. మర్నాడు మళ్లీ చెప్పాలి. ఇంటికి వెళ్లి ఎవరికైనా నేర్పాలి.

“నిన్న ఏం నేర్చుకున్నం? చూడకుంట చెప్పు.”

“రోజూ అయ్యేదానికి వర్తమానం. ఇగ అయ్యేదానికి భవిష్యత్తు. అయిపోయినదానికి భూతకాలం.”

“ఇప్పుడు మీ ఇంటి మాట చెప్పు.”

“అమ్మ రోజూ నాయన నీలం అంగీ ఉతుకుతది.” ఆ వాక్యాన్నే నిఖిల ఇంగ్లిష్‌లో తడబడకుండా చెప్పింది.

“రోజూ గదే అంగీనా? ఇంకోటి కొనుక్కోమను మీ నాయనను!”

నిఖిల నవ్వలేదు. “అమ్మ నాయనకు జొన్నరొట్టె తీసి పెడతది. పొద్దుగాల అది నేను తింట.” అదీ ఇంగ్లిష్‌లోకి సరిగానే వచ్చింది.

“మీ నాయన ఏడుంటడు?”

“వికారాబాద్ పోయిండు మేడం.”

“నేను గూడ రోజూ వికారాబాద్ నుంచే వచ్చిపోత. సరే, సాయంత్రం సంగతి చెప్పు.”

“నాయన సాయంత్రం బండికి వస్తడు.”

“ఇంగ్లిష్‌ల?”

నిఖిల పెదవులు కదిలి ఆగిపోయాయి.

“రోజూ వస్తడా, ఇగ ముందట వస్తడా? రోజూ అయితే ‘కమ్స్’. ఇంక రావాల్సి ఉంటే ‘విల్ కమ్’.”

“వస్తడు మేడం.”

“తెలుగుల రెంటికీ ఒకటే మాట సరిపోతది బిడ్డా. ఇంగ్లిష్ ఊకోదు. ఏదో ఒకటి తేల్చుకోవాలె. ఇంటికి పోయి మీ అమ్మకు నేర్పు. ఆమెనే అడుగు.”

నిఖిల వెళ్లేసరికి శ్యామల నీలం అంగీని దులిపి తీగ మీద ఆరేస్తోంది.

“అమ్మా, నాయన వస్తడంటవ్ గద. రోజూ వచ్చుడా, ఇగ ముందట వచ్చుడా?”

శ్యామల చేతులు ఆగాయి.

“వస్తడు.”

“గట్ల కాదమ్మా. ఇంగ్లిష్‌ల ఏదో ఒకటి పెట్టాలె.”

“ఏదీ పెట్టకు. మార్కులు పోతే పోనీ. గదొక్కటి రాయకు బిడ్డా.”

మర్నాడు ఈ జవాబు విని దేవిక నొచ్చుకుంది. పాస్ కాకపోతే పనిలో పెడతానని బెదిరించే మనిషి, మార్కులు పోనిమ్మనడం ఆమెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం రోజూ ఎక్కే బండి తప్పి, తరువాతి దానికోసం ఆగిన దేవికకు తాండూరు స్టేషన్‌లో శ్యామలే ఎదురుపడింది. వికారాబాద్ వైపు పట్టాల మీదే ఆమె చూపు ఉంది.

“నిఖిల వాళ్ల నాయన కోసమా అమ్మా?”

“ఔ మేడం. గీ బండికే వస్తడు.”

“నువ్వు రోజూ వస్తవా?”

“రోజూ వస్త.”

ఇంతలో దేవిక ఎక్కవలసిన రైలు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంటుంటే ఆమెకు తేలికగా అనిపించింది. అడగవలసిన మనిషిని అడిగితే ఏ చిక్కయినా ఎంత సులువుగా విడిపోతుంది!

మర్నాడు బోర్డు మీద ‘కమ్స్’ అని రాసింది. “తేలిపోయింది. మీ అమ్మనే అడిగిన. రోజూ అయ్యే పని, వర్తమానమే. ఇగ ఆగకు.”

నిఖిల ఆ మాటను నోట్‌బుక్‌లోకి ఎక్కించబోయి తలెత్తింది.

“నిజం కాకున్నా మార్కులు పడతయా మేడం?”

“నిజం ఎందుకు కాదు? చూడు, అబద్ధం రాసినప్పుడే పెన్ను ఆగుతది. నిజం రాయి, అదే నడుస్తది.”

పబ్లిక్ పరీక్ష రోజున దేవిక కేంద్రం గేటు దగ్గర ఎదురుచూసింది. నిఖిల చివరగా బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం ఎన్నడూ లేనంత నిమ్మళంగా ఉంది.

“మొత్తం రాసినవా?”

“మొత్తం రాసిన. నాయన పేరా మళ్లొచ్చింది మేడం.”

“ఆగినవా?”

“ఆగలే. మీరు చెప్పినట్టు నిజమే రాసిన.”

దేవిక గుండె కుదుటపడింది. “ఎట్లయితేంది, గట్టెక్కినవ్. ‘కమ్స్’ అనే పెట్టినవ్ గద?”

రోడ్డు అవతలి నుంచి శ్యామల కేకేసింది. “జల్ది రా బిడ్డా, రొట్టెలు చెయ్యాలె. నాయన వస్తడు!”

“వస్తున్ననమ్మా!”

తల్లికి బదులిచ్చి, నిఖిల మేడం దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

“మా నాయన భూతకాలం, మేడం.”