అదే ఇల్లు, అదే మనిషి

"ఏ ఆడమనిషితో తప్పు చేశానో, ఆ మనిషి ఉన్న గదిలోనే ఈ రాత్రి పడుకుంటాను. అనుమతి ఇవ్వండి రబ్బీ గారూ," అన్నాడు గెట్సెల్.

రబ్బీ ఫిషెల్ చేతిలోని కోడి కందనకాయ జారి బల్ల మీద పడింది. పొద్దుటి నుంచి ఆయనకు కోళ్ళతోనే సరిపోయింది. సాయంత్రానికి ఏడాది పాపాలు కడుక్కునే యోమ్ కిప్పూర్ ఉపవాసం మొదలు. ఊళ్ళో ఇంటింటా కోడి కోశారు, ప్రతి కోడిలోనూ ఏదో ఒక మచ్చ కనబడింది, తినవచ్చో లేదో చెప్పమంటూ ప్రతి ఇల్లాలూ ఆయన గుమ్మం ఎక్కింది. ఈ ఊరి యూదులకు రబ్బీగా, అంటే మతగురువుగా, వచ్చి నెల కాలేదు. మనుషుల పేర్లింకా పట్టుబడలేదు గాని, అందరి కందనకాయలూ గుర్తే. ఇప్పుడు గుర్రపు జీనులు కుట్టే ఈ గెట్సెల్ ఒకడు తయారయ్యాడు.

"ఎవరయ్యా ఆ మనిషి?"

గెట్సెల్ నోరు తెరవబోయాడు.

"ఆగాగు, పేరు చెప్పకు," అంటూ రబ్బీ చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ పాపం నువ్వు చెప్పుకో. ఇంకొకళ్ళ పరువు తీశావంటే అదొక పాపం. ఏం జరిగింది?"

"నాకు నిషిద్ధమని తెలిసీ నిగ్రహించుకోలేకపోయానండీ. ఎండాకాలం చివర్లో. ఒక్కసారే."

"ఆవిడకి మొగుడున్నాడా?"

"ఉన్నాడండీ."

"ఊళ్ళోనేనా?"

"ఊళ్ళోనే."

"వాడికి తెలుసా?"

"పేర్లు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను గాని, తెలుసండీ." గెట్సెల్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు నుంచి కుమిలిపోతున్నాడు. తిండి సయించడం లేదు."

"మరి సిగ్గు లేకుండా మళ్ళీ అక్కడికే పోతానంటావేంటయ్యా?"

"పూర్తి పశ్చాత్తాపం కోసమండీ. ఏడు వారాల నుంచి చదువు మందిరంలో బల్ల మీదే పడుకుంటున్నా. సోమవారం ఉపవాసం, గురువారం ఉపవాసం. అదే మనిషి, అదే ఇల్లు, అదే కోరిక, ఒంట్లో అదే సత్తువ ఉండి, మళ్ళీ అవకాశం వచ్చినా నిలబడ్డవాడిదే పూర్తి పశ్చాత్తాపమని మొన్న శనివారం మీరే చెప్పారు. నేను గోడవైపు తిరిగి పడుకుంటానండీ. ఆవిడ కూడా ఒప్పుకుంది."

"ఒప్పుకుందా?"

"రమ్మని ఏడు వారాలుగా కబురు పెడుతూనే ఉందండీ."

రబ్బీ తల పట్టుకున్నాడు. తను శనివారం చెప్పిన మంచి మాట వీడి చేతిలో పడి ఏమైందో చూస్తుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఇకమీదట కోళ్ళ గురించి తప్ప మరేదీ మాట్లాడకూడదనిపించింది.

"ఏడాదిలో ఇన్ని రాత్రులుండగా యోమ్ కిప్పూర్ రాత్రే దొరికిందా నీకు?"

"ఈ రాత్రయితేనే అసలైన పరీక్షండీ."

"పరీక్ష పెట్టేవాడు పైన ఉన్నాడు. ఆ పని నువ్వు నెత్తిన వేసుకోకు. తాగుడు మానేసినవాడు సారాకొట్లో కాపురం పెడతాడా? విను. ఇకమీదట ఆ ఇంటి గడప తొక్కనని, ఆవిడ ముఖం చూడనని నాకు మాట ఇవ్వు. చచ్చేదాకా."

గెట్సెల్ ముఖం పాలిపోయింది. "చచ్చేదాకానా అండీ? మరి పిల్లలు?"

"పిల్లలు కూడా ఉన్నారా?"

"ముగ్గురండీ."

"వాళ్ళ ముఖం చూసైనా బుద్ధి తెచ్చుకో. ఇస్తావా, ఇవ్వవా?"

రబ్బీ మాట కాదనడం గెట్సెల్ వల్ల కాలేదు. వెక్కుతూ మాట ఇచ్చి, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. రబ్బీకి జాలి వేసింది. అయినా ఇన్ని కోళ్ళ మధ్య ఒక మనిషినైనా గట్టెక్కించానని మనసు కాస్త కుదుటపడింది.

గంట తరువాత మూత పెట్టిన గిన్నెతో ఒక ఆడమనిషి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సూపులో ఏం పడిందమ్మా?" అని విసుగ్గా అడిగాడు రబ్బీ.

"ఏమీ పడలేదండీ."

"కోడికి మచ్చా?"

"కోడి నిక్షేపంలా ఉంది. తినేవాడే లేడు. పొద్దు వాలితే ఉపవాసం. ఇప్పుడు తినకపోతే రేపు రాత్రి దాకా మంచినీళ్ళు కూడా లేవు. దిండు చంకలో పెట్టుకుని మళ్ళీ మందిరంలో కూర్చున్నాడు. మీకేదో మాట ఇచ్చాడట."

"ఎవరమ్మా నువ్వు?"

"ఖాసియానండీ. గెట్సెల్ పెళ్ళాన్ని."

ఇంట్లో పెళ్ళాం కూడా ఉందన్నమాట వీడికి. రబ్బీకి మళ్ళీ మండిపోయింది. కానీ ఆమె వాచిన కళ్ళు చూసి గొంతు తగ్గించాడు.

"బాధపడకమ్మా. నీ మొగుడు తప్పు చేసిన మాట నిజమే. కానీ ఇక ఆ ఆడదాని జోలికి పోడు. చచ్చేదాకా దాని గడప తొక్కనని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు."

ఖాసియా గిన్నె తెచ్చి ఆయన బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఏ ఆడదండీ? నేను బయటున్న రోజుల్లో, శుద్ధి స్నానానికి ఇంకొక్క రోజుందనగా ఆగలేక నా దగ్గరికే వచ్చాడు. ఈ రాత్రి మొగుడూ పెళ్ళాలకి కూడా నిషేధమే కదా, ఈ ఒక్క రాత్రీ నిగ్రహంగా ఉంటే పాపం తీరిపోతుంది, రేపటి నుంచి మళ్ళీ కాపురం చేసుకుందామని ఇద్దరం ఆశపడ్డాం. మీరు చచ్చేదాకా తొక్కొద్దన్నది మా ఇంటి గడపేనండీ."