మసి గోడ

భీమిలి తీరంలోని ఆ విలాస విడిదిలో గోడలన్నీ మాట్లాడే తెరలే; సీజనుకో వేషం కడతాయి. మొన్నటిదాకా పాలరాయి. ఇప్పటి కొత్త మోజు ‘పేదింటి సొగసు’. ఆ సంగతి తెలియని పనిమనిషి పైడితల్లి, వంటింటి గోడ మీద మసి చూసి చెయ్యి ఊరుకోక, పీచు పెట్టి గంటసేపు తోమింది. తోమినకొద్దీ మసి మళ్లీ పైకి తేలింది.

“అది డిజైనమ్మా, ముట్టుకోకు!” అని కసిరాడు మేనేజరు వంశీధర్.

అప్పుడు కనబడ్డాయి, గుమ్మం పక్కన ఏడు బొగ్గు గీతలు. ఏటా పుట్టినరోజుకి కూతురు గౌరిని గోడకి నిలబెట్టి, ఎత్తు చూసి తను గీసినవే! కిందటేడు సర్వే అని చెప్పి ఎవరో వచ్చి ఇల్లంతా ఫొటోలు తీసుకుపోయారు.

“ఇది మా ఇంటి గోడండి! అడక్కండా ఎలా ఒట్టుకొచ్చేసినారు?”

“మీ గోడ మీ ఇంట్లోనే ఉంది కదమ్మా. ఇది బొమ్మే.”

పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. బార్బెక్యూ పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి, మొన్ననే ఎనిమిదేళ్లు నిండిన గౌరి ఎత్తున ఇంకో గీత గీసింది.

“మరక కనబడింది. తుడిచేస్తున్నాను,” అంది గోడ మర్యాదగా. ఆ ఒక్క గీతే మాయమైంది.

పైడితల్లి బొగ్గు విసిరికొట్టి, కొబ్బరిబోండాల కత్తి అందుకుంది. గోడలోకి లోతుగా గీత దింపి, మేనేజరు వైపు తిరిగింది.

“దీన్ని తుడిపించండి, సూద్దాం!”