గింజలక్క రక్తం

"నీ గింజలన్నీ ఏమైపోయాయి?"

శాస్త్రవేత్త అరవలేదు. అయినా ఆ మాటకి ల్యాబులో నేల తుడుస్తున్న ఆవిడ చేతిలో మాప్ కర్ర ఆగిపోయింది.

"నా గింజలా మేడమ్?"

"మూడు నెలల తర్వాత ఇవాళ పొద్దున నీ రక్తం తీశాం. మొదటిసారి తప్పిస్తే ఎప్పుడూ పద్దెనిమిది వందల పైన ఉండే కణాలు, నూట తొంభై! ఇదిగో, నువ్వే చూడు." రిపోర్టు కాగితం ఆమె ముఖం ముందు ఆడించింది.

గింజలంటే ఇయోసినోఫిల్స్. తెల్లరక్తకణాల్లో ఒక జాతి. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఒళ్లంతా ఎర్రటి గింజలు నింపుకుని కనిపిస్తాయి. ఎలర్జీ ఉన్నవాళ్లలో ఇవి ఇబ్బడిముబ్బడిగా పెరిగి, ఊపిరితిత్తుల్లో చేరి, పగిలి ఆయాసం తెస్తాయి. అవి పగలకుండా సద్దుమణిగేలా చేసే మందు కోసం శాస్త్రవేత్త మూడేళ్లుగా తిండీ నిద్రా మరిచి పనిచేస్తోంది. ఆ మందు పరీక్షించడానికి కణాలిచ్చేది ఈ తుడిచే ఆవిడే. అందుకే ల్యాబులో అందరికీ ఆమె గింజలక్క. ఆ పేరంటే ఆమెకి మహా గర్వం. రక్తమిచ్చి కప్పుడు టీ తాగుతుందే తప్ప పైసా ముట్టదు.

"శుక్రవారంలోగా ఆఖరి ప్రయోగం అయిపోవాలి. రెండుసార్లు నీ కణాలతోనే చేశాం. మూడోసారి ఇంకొకరివి పెడితే ఆ ఫలితాలని ఎవరూ నమ్మరు. నిజం చెప్పు, ఏం మాత్రలు మింగావ్?"

"ఒట్టు మేడమ్! మీకు చెప్పకుండా తలనొప్పి బిళ్ల కూడా వేసుకోను."

"పసరు మందా? ఎవరైనా పొడులేమైనా ఇచ్చారా?"

"అబద్ధమాడితే నా కళ్లు పోతాయి."

"మరి కణాలు ఊరికే పోతాయా? ఆయాసం ఎలా ఉంది?"

గింజలక్క తల దించుకుంది. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు గొణిగింది.

"తగ్గిపోయింది మేడమ్. నెలన్నరగా ఛాతీలో పిల్లికూతలు లేవు. మూడంతస్తులు ఎక్కినా ఊపిరాడుతోంది. తప్పయిపోయింది."

శాస్త్రవేత్తకి ఎవరో చెంప ఛెళ్లుమనిపించినట్టయింది. ఊపిరాడుతున్నందుకు ఒక మనిషి క్షమాపణ చెప్పుకుంటోంది, అదీ ఆయాసానికి మందు కనిపెడతానంటున్న తనకి! సిగ్గుతో చచ్చిపోయింది. కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది.

"తప్పు నాది అక్కా. పోనీలే. కొత్త మనిషితో మళ్లీ మొదట్నుంచీ చేస్తాను. నీకు నయమైంది, నాకంతే చాలు."

మనస్ఫూర్తిగానే అంది. కానీ మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందన్న సంగతి గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి గింజలక్క కంగారుపడిపోయింది.

"అయ్యో, అలా అనకండి మేడమ్. ఎవరి కాళ్లో పట్టుకుని ఆ శుక్రవారాన్ని ఒక్క నెల జరిపించండి. గింజలు మళ్లీ తెప్పిస్తాను."

"తెప్పించడమేమిటి? అవేమైనా బజార్లో దొరుకుతాయా?"

"మూడు నెలల కిందట ఇల్లు మారాను కదా. కొత్త ఇంటివాళ్లు పిల్లి వద్దన్నారు. పాత ఇంటి పక్కావిడకి ఇచ్చొచ్చాను. వీళ్లని ఎలాగో ఒప్పించి వెనక్కి తెచ్చేసుకుంటా."

శాస్త్రవేత్త నోరు తెరిచింది. ఎలర్జీ మీద అంత చదువు చదివి, మూడేళ్లలో ఒక్కసారైనా "మీ ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగిన పాపాన పోలేదు. కణాలు లెక్కపెట్టుకోవడమే సరిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"నీ ఆయాసానికి కారణం ఆ పిల్లే అక్కా! ఆ సంగతి నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు మేడమ్? చిన్నప్పట్నుంచీ అంతే. పిల్లి పక్కనుంచి పోతే చాలు, ఆ రోజుకి నా పని అయిపోయినట్టే."

"తెలిసీ పెంచావా? ఊపిరాడకపోయినా వదల్లేనంత ముద్దా అదంటే?"

"ముద్దా, నా మొహమా! దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మంట." గింజలక్క లేచి మాప్ కర్ర అందుకుంది. "మొదటిసారి రక్తమిచ్చినప్పుడు నా గింజలు సరిపోలేదని మీరు తల పట్టుకుని కూర్చున్నారు చూడండి, ఆ సాయంత్రమే తెచ్చుకున్నాను మేడమ్."