రొంటిన గాజుగొట్టం

"బతికే ఉన్నాయి," అన్నాడు జీవరత్నం, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా.

ప్రేమమ్మ గాజుగొట్టం తీసుకుని మళ్ళీ రొంటిన దోపుకుంది. ఒంటివేడి తగులుతుంటేనే లోపలి కణాలు బతుకుతాయని ఆయన చెప్పాడు. అరవై రెండులో నరసరావుపేట కరెంటును నమ్ముకుంటే ఏం బతుకుతుంది గనక!

అవి వాళ్ళ జోసెఫ్ కణాలు. రెండేళ్ళు నిండని పిల్లాడు, ఎండాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. పోయేముందు తీసిన గోరంత చర్మాన్ని తండ్రి గొట్టంలో పెంచుతున్నాడు. జీవరత్నం కాలేజీలో జువాలజీ లెక్చరర్. కణాలకు రంగు కలిపి నీలివెలుగులో చూస్తే, న్యూక్లియిక్ ఆమ్లాలు కణం నడుమ కేంద్రకంలో ఆకుపచ్చగా, చుట్టూ ప్రోటీన్లు తయారయ్యేచోట ఎర్రగా మెరుస్తాయి. రోజూ సాయంత్రం ఆ మెరుపు చూశాకే ఆయన అన్నం ముట్టేది.

"ఏమే ప్రేమమ్మా, ఏందా సీసా యావ? మీ ఆయనకు పిచ్చి చానా ముదిరింది. నువ్వన్నా చెప్పవేందే?" అంది పక్కింటి మార్తమ్మ.

"చెప్పను పిన్నీ. అది లేకపోతే ఆయన మనిషి కాడు."

పిల్లాణ్ణి పూడ్చిన రోజు నుంచీ ప్రేమమ్మకు ఏడుపు రాలేదు. ఆకలీ లేదు. ఆ గొట్టం తగిలేచోట తప్ప ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

ఓ పొద్దున బావి దగ్గర వంగినప్పుడు గొట్టం జారి చప్టా మీద భళ్ళున పగిలింది.

ఆమె గాజుముక్కలు ఏరి పారేసింది. అప్పుడూ ఏడవలేదు. లోపలికెళ్ళి, కొత్త గొట్టంలో ఆయన కాచి ఉంచిన ఉప్పునీళ్ళు పోసింది. చెంచా కాడతో తన బుగ్గ లోపల గీకి అందులో కలిపింది. ఎవరి కణమైతేనేం, మెరవకుండా ఉంటుందా?

సాయంత్రం ఆయన రాగానే రొంటిన ఉన్న గొట్టం తీసి ఇచ్చింది.

జీవరత్నం చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. బతికే ఉన్నాయి. అన్నం పెట్టు. నువ్వూ కూర్చో, ఇద్దరం తిందాం."

హమ్మయ్య అనుకుంది. అప్పట్నుంచీ రోజూ అదే వరస. పొద్దున ఆయన కాలేజీకి వెళ్ళగానే ఆమె బుగ్గ గీకుతుంది. సాయంత్రం ఆయన చూస్తాడు. ఇద్దరూ కూర్చుని తింటారు. ఆమె నాలుగు ముద్దలు ఎక్కువే తింటోంది.

"జాగ్రత్తగా పెట్టుకో ప్రేమా, చల్లారనీకు," అని గొట్టం రోజూ ఆయనే ఆమె చేతికిస్తాడు.

ఆడవాళ్ళ కణాల్లో మాత్రమే కేంద్రకం అంచున కనిపించే చిన్న చుక్కను జీవరత్నం ఆ మొదటి సాయంత్రమే చూశాడు.