ఫిల్టరు నూనె

జెండా ఊపడానికి ఇంకొక్క నిమిషం ఉంది. యమున ఒడ్డు మైదానంలో దుమ్ము సుళ్లు తిరుగుతోంది. మొదలుపెట్టే గీత మీద నా రిమోట్ కారు నైట్రో ఇంజను పొగ కక్కుతోంది. ఆఖరిసారిగా ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని తాకి చూశాను. వేలికి జిగురు అంటలేదు.

స్పాంజి తెల్లగా, పొడిగా ఉంది.

దుమ్మును పట్టి ఆపేది ఆ జిగట నూనే. అది లేకపోతే ఇసుకంతా నేరుగా ఇంజన్లోకే పోతుంది. ఇక ఆ ఇంజను బతకదు.

"దీన్నెవరు ముట్టుకున్నారు?" అని అరిచాను.

"నేనేనమ్మా కెరెన్," అన్నారు వెనక నుంచి డాడీ. ముప్పయ్యేళ్లుగా ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ కడుగుతున్న మనిషి. "బంకబంకగా మురికి పట్టేసుంది. రాత్రి సర్ఫు వేసి మూడుసార్లు కడిగాను. ఎలా మెరిసిపోతుందో చూడు!"

ఆయన నా రేసుకు రావడం ఇదే మొదలు. "ఇదే ఆఖరు. రేపు ఆ కారు ఎవరికైనా ఇచ్చెయ్" అని షరతు పెట్టి మరీ వచ్చారు.

పొగగొట్టాన్ని గుడ్డతో గట్టిగా నొక్కి ఇంజను ఆపేసి, కారు చేతిలోకి తీసుకున్నాను.

"క్యా హువా?" జెండా పట్టుకున్నాయన కేకేశాడు.

"ఫిల్టర్‌కి ఆయిల్ పెట్టడం మర్చిపోయా భయ్యా. గల్తీ నాదే. నేను తప్పుకుంటున్నా."

మిగతా కార్లు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి. డాడీ నా చేతిలోని కారు లాక్కున్నారు.

"నేనంత శుభ్రంగా కడిగిపెడితే నూనె మర్చిపోతావా? నీకసలు శ్రద్ధ లేదు. వచ్చేసారి నూనె నేనే పెడతాను."